వైద్యం తెలిసిన నక్క, లెక్క తప్పని కోడి

పిల్లలూ, మీరుండే చోట చెరుకు గానుగలు లేవు. అందుకే పారమ్మ కథ మీ చెవిన పడి ఉండదు. కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి.

శారదా నది ఒడ్డున చెరుకుతోటల మధ్య ఒక బెల్లం గానుగ ఉండేది. ఒక పక్క రసం కాగే పెద్ద పెనం, దాని కింద పొయ్యి. ఇంకో పక్క పిప్పి కుప్ప. ఆ కుప్ప పక్కనే పారమ్మ అనే కోడిపెట్ట తొమ్మిది పిల్లలతో కాపురం ఉండేది. పిల్లల్ని పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, గూటికి చేరేటప్పుడు రెండుసార్లు లెక్కపెట్టుకునేది. గానుగ జంతువులన్నీ ఆమెను చూసి నవ్వేవి.

"నవ్వండి నవ్వండి. మీకేం, మీ పిల్లలు నక్క నోట్లో పట్టరుగా!" అనేది పారమ్మ.

నిజానికి ఆమె ధైర్యమంతా గవిరయ్యే. గవిరయ్య గానుగ కుక్క. పొద్దు పొడవగానే తోట చుట్టూ ఒక పరుగు తీసేవాడు. మధ్యాహ్నం చోడిపిండి అంబలి, రెండు చేపతలలు తినేవాడు. దీపాలు పెట్టేవేళకు ముడుచుకుని పడుకునేవాడు. అతను ఒక్క అరుపు అరిస్తే జంబయ్య అనే నక్క ఏరు దాటి పారిపోయేది.

ఒకరోజు ఆ జంబయ్యే మెడలో తులసిపూసల దండ వేసుకుని, బెల్లం ముక్కల మూటతో వచ్చింది.

"కరవకు తమ్ముడూ! దొంగతనం మానేశాను. వైద్యం నేర్చుకున్నాను. నీ ఒంట్లో కంటికి కనపడని పొయ్యిలు కోట్లున్నాయి, తెలుసా? అవి మండితేనే నీకు పరుగు, నీకు అరుపు."

"అవునా అన్నా? మరి ఆరిపోతేనో?"

"అదే కదా నా బెంగ! గంటకో బెల్లం ముద్ద వేస్తూ ఉండు. అంబలి మానెయ్. పొద్దున్నే ఆ పరుగెందుకు, నిప్పు దండగ!"

బెల్లం తియ్యగా ఉంది. మాట ఇంకా తియ్యగా ఉంది. గవిరయ్య నమ్మేశాడు. ముద్ద వేసుకోగానే తోక ఆడించి గంతులేసేవాడు. కాసేపటికే వాడిపోయిన తోటకూర కాడలా వాలిపోయేవాడు. మళ్లీ ముద్ద, మళ్లీ గంతు, మళ్లీ కునుకు. నాలుగో రోజుకు అరవబోతే ఆవలింత వచ్చింది.

ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని జంబయ్య కూడా కోడిపిల్లల్ని లెక్కపెడుతోంది. అది పారమ్మ కంటపడింది. పరుగున బుచ్చన్న దగ్గరికి వెళ్లింది. బుచ్చన్న ముసలి ఎద్దు. ఏం అడిగినా నాలుగుసార్లు నెమరువేసి గానీ జవాబు చెప్పదు.

"తాతా, గవిరయ్యకు నక్క చెప్పినట్టు ఒంట్లో పొయ్యిలుంటాయా?"

"ఉంటాయి. నక్క చెప్పినదాంట్లో సగం నిజమే. అందుకే మనవాడు పడిపోయాడు. అదిగో, అటు చూడు."

పెనం కింద పొయ్యి ఎగదోసే మనిషి తొందరపడి పిప్పి కట్టలు కట్టలుగా కుక్కాడు. మంట పోయి పొగ లేచింది. గానుగ పెద్దాయన అరిచాడు. బూడిద లాగించి, కొంచెం కొంచెంగా పిప్పి వేయించాడు. మంట మళ్లీ నిలబడింది.

"చూశావా అమ్మా? కుక్కితే పొగే. బూడిద తీసుకునేందుకు దానికీ ఖాళీ వేళ కావాలి. ఒంట్లో పొయ్యిలూ అంతే. పొద్దుటెండ తగిలితే లేస్తాయి. పరుగెత్తితే కొత్తవి పుడతాయి. ఒళ్లు నిద్రపోయినప్పుడు తమను తాము బాగుచేసుకుంటాయి. గవిరయ్య పాత పద్ధతే సరైన వైద్యం."

పారమ్మ గవిరయ్యను చాటుకు పిలిచి అంతా చెప్పింది. అతను సిగ్గుతో చెవులు వాల్చేశాడు. "ఇప్పుడే పోయి వాణ్ని కొరికేస్తానక్కా!"

"నాలుగడుగులు వేయలేవు, కొరుకుతావా? నేను చెప్పినట్టు చెయ్యి."

మర్నాడు వైద్యుడు రాగానే పారమ్మ వినయంగా ఎదురెళ్లింది. "జంబయ్య గారూ, మా గానుగలో ఒక ఆచారం ఉందండీ. మందిచ్చేవాళ్లు రోగికి ఎంత ఇస్తారో ముందు తాము అంత మింగాలి. ఎన్నిసార్లిస్తే అన్నిసార్లూ. ఎడ్లకు కషాయం పట్టే ముసలాయన కూడా ముందు తను ఓ గుక్క తాగాకే వాటికి పోస్తాడు."

"తీపేగా! దానికేం భాగ్యం," అంటూ నక్క గుటుక్కున మింగింది. గవిరయ్య తన ముద్దను బుగ్గన పెట్టుకుని, నక్క అటు తిరగగానే పిప్పి కింద పాతేశాడు.

"వైద్యుడు గారూ, గంటయింది," అని పారమ్మ మళ్లీ పిలిచింది. ఒక్క గంట తప్పలేదు. లెక్కలో ఆమెను మించినవాళ్లెవరు? పదిరోజులు గడిచేసరికి జంబయ్యకు వేట మీద ధ్యాస తప్పింది, పొట్ట ముందుకొచ్చింది, కునుకు ఎక్కువైంది. ఇటు గవిరయ్య గట్టు అవతల దాక్కుని తన పరుగు తాను తీస్తున్నాడు. వేళకు అంబలి, వేళకు నిద్ర. నక్క కంటపడితే మాత్రం నాలుక వేలాడేసి మూలిగేవాడు.

పదకొండో రోజు పొద్దెక్కుతుండగా, "ఇక కుక్క పనైపోయింది," అనుకుని జంబయ్య అన్నిటికంటే చిన్న కోడిపిల్ల మీదికి దూకింది.

దూకింది గానీ, మూరెడు ఇవతలే పడింది. కోడిపిల్ల కిచకిచమంటూ తల్లి రెక్క కింద దూరింది.

"గవిరయ్యా!" అని పారమ్మ కేకేసింది. మూలుగుతున్న రోగి బాణంలా లేచాడు. నక్క పరుగెత్తింది. పదడుగులకే రొప్పు, పదిహేనో అడుగుకు కాళ్లు మెలికపడి, బెల్లం మడ్డి పారబోసే గుంటలో దబ్బున పడింది. మెడదాకా జిగురు! ఎక్కడెక్కడి చీమలో పండగకు బయల్దేరాయి.

"తమ్ముడూ, ఊపిరాడట్లేదు, వదిలెయ్!"

పారమ్మ గుంట అంచుకు వచ్చి ఎండవైపు ఓసారి చూసింది. "గంటయింది వైద్యుడు గారూ! ముద్ద వేసుకోండి!"

ఎప్పుడూ తొందరపడని బుచ్చన్న కూడా నెమరు మధ్యలో ఆపి నవ్వింది. నక్క ఎలాగో గుంటలోంచి పాకి, చీమల్ని దులుపుకుంటూ ఏరు దాటింది. గవిరయ్య ఎప్పటిలా తోట చుట్టూ ఒక పరుగు తీసి, ఎండలో నిలబడి గట్టిగా అరిచాడు. పారమ్మ పిల్లల్ని లెక్కపెట్టుకుంది. తొమ్మిది. ఎందుకైనా మంచిదని మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిదే.

ఒంట్లో పొయ్యికి వేళకు తిండీ, వేళకు విశ్రాంతీ ఇచ్చినవాడి సత్తువను ఏ తీపి మాటా దోచుకోలేదు.

పిల్లలూ, ఈ కథ మీతోనే ఆగిపోకూడదు. రేపు పొద్దున్నే ఎండలో ఆడుకునేటప్పుడు ఇంకొకరికి చెప్పండి. కోడిపిల్లలు తొమ్మిదని మాత్రం మరిచిపోకండి.