పచ్చచాప మీద పొర్లుదండం

వానల్లేక రాజుగారి చెడుగుడు బరిలో గడ్డి మాడిపోయింది. చాపలల్లే నూకాలు కొబ్బరిపీచుకు పచ్చరంగు వేసి, పోచలు నిలబెట్టి, గడ్డిలాంటి చాప అల్లింది. పోచల మధ్య ఇసుక నింపకపోతే అది ఒళ్లు గీరేస్తుందని చెప్పి ఇసుక అడిగింది.

"ఇసుక బండ్లొస్తే కోటంతా దుమ్మే, వద్దు," అన్నాడు బరి పనులు చూసే దళవాయి. "రేపు ఆటలో యువరాజు మోకాలు గీసుకుందా, నీ చేతులు నరికిస్తా."

మర్నాడు ఆటకు ముందు నూకాలు బరి పక్కన నిలబడింది. రాజుగారు చాప చూసి మురిసిపోయారు. "ఎవరి పనితనమిది?"

"అంతా నాదే ప్రభూ. పట్టులా ఉంటుంది," అన్నాడు దళవాయి.

నూకాలు ముందుకొచ్చి చేతులు జోడించింది. "మా పేటలో కొత్త బరి మీద ముందుగా దాన్ని చేసినవారే చొక్కా విప్పి పొర్లుదండం పెడతారు ప్రభూ. ఆ తర్వాతే ఆటగాళ్లు దిగుతారు."

"మంచి ఆచారం. కానివ్వండి దళవాయీ."

కాదంటే పని తనది కాదన్నట్టే. దళవాయి అంగీ విప్పి రెండు పొర్లు పొర్లేసరికి వీపంతా ఎర్రటి గీతలు తేలాయి.

"ముందు ఇసుక నింపించాలి ప్రభూ," అని గొణిగాడు.

ఆట వాయిదా పడింది. దళవాయి నరికిస్తానన్న చేతులతోనే నూకాలు ఇసుక నింపింది. పేరు నాదన్నవాడు దెబ్బ కూడా నాదే అనాలి.