అన్న పోసిన సున్నం

అనగనగా ఒక రాజు. వినండర్రా, ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయసేనుడు పులుల్ని వేటాడేవాడు. నడిపివాడు భద్రసేనుడు తినేవాడు, నిద్రపోయేవాడు. చిన్నవాడు లలితసేనుడు మాత్రం అదో రకం. నగారా మోగితే చెవులు మూసుకునేవాడు. వంటవాణ్ణి ఎవరైనా కసిరితే తన గుండె దడదడలాడేది. అప్పుడు రంగుల చిప్పలు ముందేసుకుని గోడమీద బొమ్మ వేసేవాడు. వేస్తూ వేస్తూ ఉంటే ఊపిరి కుదుటపడేది.

ఒకరోజు జయసేనుడు మనుషుల్ని తినే పులిని చంపి తెచ్చాడు. రాజు కోట గుమ్మంలో ఎదురొచ్చి, "ష్! నగారా కొట్టకండి, చిన్నాడు బొమ్మ వేసుకుంటున్నాడు" అన్నాడు.

అంతే! జయసేనుడికి ఒళ్లు భగ్గుమంది. "పులిని చంపింది నేను, ముద్దుమురిపెం వాడికా?" అని కుళ్లుకున్నాడు. అన్నం తింటే అదే కుళ్లు, పడుకుంటే అదే కుళ్లు.

అంతలో పొరుగు రాజుగారి ఒక్కగానొక్క కూతురు కలువబాలని ఒక మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. విడిపించినవాడికి పిల్లనీ, రాజ్యాన్నీ ఇస్తామని చాటింపు వేశారు. ముగ్గురూ పడవెక్కారు. "ఈసారి నగారా నాకే మోగాలి" అనుకున్నాడు జయసేనుడు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. అక్కడో దీవి, దీవిలో మేడ, మేడ ముందు చెట్టు, చెట్టుమీద చిలక. మాంత్రికుడి ప్రాణం అందులోనే ఉంది. జయసేనుడు కత్తి దూసి "ఓయ్!" అని అరిచాడు. చిలక తుర్రుమంది. భద్రసేనుడు జామపండు చూపించాడు. చిలక రాలేదు, పండు తనే తినేశాడు.

లలితసేనుడు ఒక ఉడుతకి దారిచ్చి పక్కకి తప్పుకున్నాడు. ఉడుత ఆగింది. "నాయనా, ఆ చిలక బెదురే మాంత్రికుడి బలం. అందుకే రోజుకి మూడుసార్లు వచ్చి అరుస్తాడు. దాని బెదురు తీరితే వాడి పని సరి" అంది.

"అయ్యో పాపం, నాలాంటిదే! దానికో తోడు బొమ్మ వేస్తాను" అన్నాడు లలితసేనుడు.

ఉడుత కుంచె కోసం తన తోక వెంట్రుకలు నాలుగిచ్చింది. ఆకుపసరుతో బండమీద ఆడచిలక తయారైంది. ముక్కుకి మాత్రం ఎరుపు లేదు. చిప్పలో ఉన్నది పసుపొక్కటే. ఎర్రపూలు దొరుకుతాయేమోనని వెతకడానికి వెళ్లాడు.

జయసేనుడు ఆ బొమ్మని చూశాడు. ఎంత బాగుందో! కడుపు మండిపోయింది. తాంబూలం పెట్టె తెరిచి, సున్నమంతా పసుపులో కుమ్మరించి, పుల్లతో కలిపేశాడు. పాడైపోవాలని! పులి సంగతి తెలుసుగానీ, రంగు నూరిన మొహమా అది? పసుపులో సున్నం పడితే ఏమవుతుందో మీ అమ్మమ్మనడగండి, చెబుతుంది. చిప్ప నిండా ఎర్రటి ఎరుపు!

లలితసేనుడు వచ్చి చూశాడు. "అన్నయ్యా! నాకోసం ఎరుపు చేశావా!" అంటూ వాటేసుకున్నాడు. జయసేనుడు పుల్లని వెనక్కి దాచుకున్నాడు.

బొమ్మ ముక్కు ఎర్రబడింది. చిలక మెల్లగా దిగొచ్చి లలితసేనుడి చేతిమీద వాలి, బొమ్మకేసే చూస్తూ రెక్కలు ముడుచుకుంది. సరిగ్గా అప్పుడే మాంత్రికుడు ఊడిపడి, ఉరిమినట్టు అరిచాడు. లలితసేనుడి చెయ్యి వణికింది. చెయ్యి వణికితే చిలక బెదురుతుంది, చిలక బెదిరితే అందరూ చస్తారు.

"ఓడిపోనీ వీణ్ణి" అనిపించింది జయసేనుడికి, ఒక్క క్షణం. కానీ తమ్ముడి కౌగిలి వెచ్చదనం ఇంకా ఒంటిమీదే ఉంది. వెనకనించి వచ్చి రెండు చేతులతో తమ్ముడి చెవులు మూశాడు. చెయ్యి నిలిచింది. చిలక కదల్లేదు. మాంత్రికుడు రెండోసారి అరిచి మరుగుజ్జంత అయ్యాడు. మూడోసారి అరిచి చీమంత అయ్యాడు. ఆ తరవాత వాడు లేనే లేడు.

మేడ తలుపులు తెరుచుకున్నాయి. కలువబాల బయటికొచ్చి, "మెల్లగా మాట్లాడే మనిషిని చూసి ఎన్నాళ్లయిందో!" అని లలితసేనుడి పక్కన నిలబడింది.

పడవలో జయసేనుడు తల వంచుకుని, "తమ్ముడూ, సున్నం పోసింది పాడుచేద్దామనేరా" అన్నాడు.

"తెలుసన్నయ్యా. నీ మొహం చూస్తే తెలియదూ? చెవులు మూసింది కూడా నువ్వేగా."

కోట గుమ్మంలో రాజు ఎదురొచ్చి, "ష్! నగారా కొట్టకండి, చిన్నాడొచ్చాడు" అన్నాడు.

లలితసేనుడు చెవుల్లో దూది కుక్కుకున్నాడు. నగారా కర్రలు తనే తీసుకున్నాడు. "ఇది పులిని చంపిన రోజుది, అన్నయ్యా!" అని ఢమఢమా కొట్టాడు. మొహం పాలిపోయినా ఆపలేదు. జయసేనుడి ఇన్నాళ్ల కుళ్లూ కళ్లవెంట కారిపోయింది. పరుగున వెళ్లి మళ్లీ తమ్ముడి చెవులు మూశాడు.

పెళ్లికి నగారాల బదులు వీణ వాయించారు. మామగారి రాజ్యం తమ్ముడు, తండ్రి రాజ్యం అన్న చాలాకాలం ఏలారు. భద్రసేనుడా? పెళ్లిభోజనం దగ్గరనించి ఇంకా లేవలేదర్రా!