వన్నూరప్ప రైలు

వన్నూరప్ప రైలు వెళ్తుంది గానీ తిరిగి రాదు. కొన్నాళ్లుగా మా ఆశ్రమంలో ఇదే గోల.

ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోకండి. గుంతకల్లు అవతల రెండు రేకుల షెడ్లు, చిన్నపిల్లల బడి, నా వంటిల్లు, అన్నిటికీ పెద్దదిక్కు మా సిద్ధప్పస్వామి. నా పేరు మారెక్క. ఈ కథలో నాకు పెద్ద పనేమీ లేదు. కానీ వంటింటి కిటికీలోంచి గేటు దాకా అంతా కనబడుతుంది, చూసింది చెప్పకుండా నా నోరు ఊరుకోదు.

రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన భక్తుడొకాయన తన బొమ్మ రైలు సామానంతా మా బడి పిల్లలకిచ్చాడు. తాళం తిప్పి వదిలే బొమ్మ కాదది. జానెడు ఇంజను, బోగీలు, సన్నటి పట్టాలు, కరెంటిచ్చే ఒక డబ్బా. పట్టాల్లో కరెంటు పారుతుంటే బండి నిజం రైలు మాదిరే పోతుంది.

దాన్ని అమర్చే పని స్వామి ఇద్దరు శిష్యులకు అప్పజెప్పాడు. వన్నూరప్ప కరెంటు పని చేస్తాడు. హంపయ్య వడ్రంగి. ఇద్దరూ ప్రాణ స్నేహితులు. హంపయ్య ఒక పాత తలుపును చిత్రిక పట్టి బల్ల చేశాడు. రంపపు పొట్టుకు పచ్చరంగు కలిపి గడ్డి, అట్టముక్కలతో కొండ, అగ్గిపెట్టెలంత ఇళ్లు, ఒక స్టేషను. స్టేషనుకు పసుపు బోర్డు పెట్టి నల్లటి అక్షరాలతో ‘గుండ్లకొత్తూరు’ అని రాశాడు.

అది వాడు పుట్టిన ఊరు. డ్యాం కట్టినప్పుడు నీళ్ల కిందికి పోయింది. ఆ ఊరి బస్సు లేదు, ఆ ఊరికి దారి లేదు, వాడి అమ్మానాన్నలూ ఇప్పుడు లేరు. ఆ పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉంటే చాలనుకున్నాడేమో పాపం.

వన్నూరప్పకు అది నచ్చలేదు. గురువు ఎదురుగా ఉండగా మునిగిపోయిన ఊరి పేరేంది అన్నాడు. ‘సిద్ధప్పస్వామి జంక్షన్’ అని పెట్టాల్సిందేనన్నాడు. మాటా మాటా పెరిగింది. హంపయ్య మేకులకని టౌనుకు వెళ్లిన పూట చూసి, వీడు ఆ బోర్డు మీద రంగు కొట్టేసి తను అనుకున్న పేరు రాసిపెట్టాడు. హంపయ్య వచ్చి చూశాడు. ఎవరికీ చెప్పకుండా బట్టలు సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

స్వామి బోర్డు చూసి, నేను యాడికీ పోయేవాణ్ణి కాదు, నా పేరుకు స్టేషనెందుకప్పా అన్నాడు. వన్నూరప్ప అది గురువుగారి వినయమనుకుని ఇంకా మురిసిపోయాడు.

ఇక రైలు పని వాడొక్కడి మీదే పడింది. బల్ల చిన్నది. బండి స్టేషనులో బయల్దేరి, కొండ వెనక ఒక చుట్టు తిరిగి, వెళ్లిన పట్టాల మీదే మళ్లీ స్టేషనుకు చేరాలి. ఊరికే గుండ్రంగా తిరిగితే అది గానుగెద్దు పని, నా బండి ఊరికి పోయి ఇంటికి రావాల అనేవాడు. వినడానికి బాగానే ఉంది. కానీ చుట్టు తిరిగొచ్చి పాత దారిలో కలిసేచోట బండి రాగానే కుడి పట్టా కరెంటు వెళ్లి ఎడమ పట్టా కరెంటుకు తగులుతుంది, ఆ రెండూ కలవకూడదట. పట్టుమని ఒక నిప్పురవ్వ లేచేది, కరెంటు పోయేది, స్టేషను దీపాలు ఆరిపోయేవి. పిల్లలు ఒకటే నవ్వు. వీడు తల పట్టుకునేవాడు.

ఇంతలో హంపయ్య దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆదోనిలో ఏదో సామిల్లులో పని దొరికిందట గానీ మనసు నిలవడం లేదట. అమావాస్య భజనకు రావచ్చునా అని అడిగి పంపాడు. కబురు తెచ్చినాయన అక్కడే నిలబడి ఉన్నాడు. స్వామి వన్నూరప్ప వైపు చూశాడు.

“రమ్మనండి స్వామీ, నాకేం కోపం లేదు. చెప్పకుండా పోయింది వాడు. వచ్చి అందరి ముందర తప్పయిందని ఒక్క మాట అనమనండి, చాలు.”

ఆ మాట ఆ మాటగానే ఆదోనికి పోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఒకడి ఊరి పేరు చెరిపేసి, వాణ్ణే తప్పు ఒప్పుకోమనడం ఏ ఊరి న్యాయమని వన్నూరప్పను అడిగాను. నీకు తెలీదులే అక్కా, పప్పు మాడుతోంది చూడు అన్నాడు. పప్పేమీ మాడలేదు.

అమావాస్య నాడు పొద్దున్నే హంపయ్య వచ్చాడు. గేటు దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టలేక, ఎదురుగా టీ బంకు బెంచీ మీద కూర్చున్నాడు. మనిషి సగానికి సగం చిక్కిపోయాడు. నేను చూశాను, వన్నూరప్పా చూశాడు. చూసి లోపలికెళ్లి వైర్ల ముందు కూర్చున్నాడు. భజనకు ఒక్కొక్కరే వస్తున్నారు. వాడు లేచి రాడు, వీడు వెళ్లి పిలవడు. ఇట్లాగే సాయంత్రమైతే వాడు ఆదోని బస్సెక్కి వెళ్లిపోతాడు, ఇంక జన్మలో రాడని నాకు గుండెలో ఒకటే గుబులు.

ఉండబట్టలేక స్వామి దగ్గరికెళ్లి, మీరొక మాట పిలిస్తే పరిగెత్తుకొస్తాడు గదా అన్నాను.

“నేను పిలిస్తే నా దగ్గరికి వస్తాడు మారెక్కా” అన్నాడు స్వామి. “వాడు రావాల్సింది నా దగ్గరికి కాదు.”

ఆ మధ్యాహ్నమే రైలు కుదిరింది. వన్నూరప్ప చుట్టు మొదలయ్యేచోట పట్టాలను సన్నగా కోసి ఎడం వదిలాడు. కొండ వెనక పట్టాలకు వేరే వైరు ఇచ్చాడు. స్టేషను వైపు పట్టాల్లో కరెంటును తిరగేసే స్విచ్చొకటి బల్ల అంచున బిగించాడు. పిల్లలు అన్నాలకు పోయారు. వీడికి సంబరం ఆగలేదు, స్వామిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. నేనూ గరిటెతోనే వెనక వెళ్లాను.

బండి కొండ వెనక ఉన్నంతలో ఈ స్విచ్చు ఇటు తిప్పాలి, మొదటిసారి మీ చేత్తోనే తిప్పండి అని చూపించాడు. స్వామి స్టూలు మీద కూర్చుని స్విచ్చు మీద చెయ్యి పెట్టాడు.

బండి బయల్దేరింది. ఇళ్లు దాటింది, కొండ వెనక్కి పోయింది. ఇప్పుడు తిప్పండి అన్నాడు వన్నూరప్ప. స్వామి తిప్పలేదు. బండి కొండకు ఇవతల కనబడింది. వీడు మళ్లీ చెప్పాడు. స్వామి చెయ్యి కదల్లేదు. ఇంజను ముందు చక్రాలు పాత దారి పట్టాల మీద పడ్డాయో లేదో, పట్టుమంది. దీపాలు ఆరిపోయాయి. బండి సగం అటు, సగం ఇటు నిలిచిపోయింది.

“తిప్పలేదేం స్వామీ?”

“మనమెందుకు తిప్పాల? పోయింది అది. వచ్చేటప్పుడు అదే సరిచేసుకుని రానీ.”

వన్నూరప్పకు నవ్వొచ్చింది. స్వామికి కరెంటు సంగతి తెలీదు కదా అని, పక్కన గొంతుక్కూర్చుని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. బండి చేతిలో ఏమీ లేదట. అది చుట్టంతా తిరిగి గుమ్మం దాకా వచ్చేసిందట. స్టేషను వైపు పట్టాల్లో కరెంటు మాత్రం, బండి బయల్దేరినప్పుడు ఎట్లుందో ఇంకా అట్లే ఉందట.

స్వామి తలూపాడు గానీ మొహం చూస్తే అర్థమైనట్టు లేదు.

“అయితే బండిది తప్పేమీ లేదంటావు?”

“దాని తప్పేముంది స్వామీ? పాపం, అది వచ్చేసింది గదా. ఇంకేం చేస్తుంది? మార్చాల్సింది ఇటుపక్క. వచ్చినదాన్ని మనం ఇంకా బయటికే తోస్తావుంటే…”

మాట అక్కడ ఆగిపోయింది.

వాడి మొహంలో నవ్వు అట్లాగే ఉండి, తర్వాత మెల్లగా పోయింది. స్వామి స్విచ్చు మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కొంగుతో తుడుచుకున్నాను.

వన్నూరప్ప లేచాడు. రైలు వంక చూడలేదు, స్విచ్చు ముట్టుకోలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలో గేటు దాటి వెళ్లాడు. టీ బంకు దగ్గర హంపయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు. వీడు ఏం చెప్పాడో మాకు వినబడలేదు. తల దించుకుని చాలాసేపు చెప్పాడు. హంపయ్య మొహం పక్కకు తిప్పుకుని విన్నాడు. తర్వాత ఇద్దరూ ఆ బెంచీ మీద కూర్చుండిపోయారు.

వాళ్లు లోపలికి వస్తారా స్వామీ అని అడిగాను.

“అన్నం వడ్డించు మారెక్కా” అన్నాడు స్వామి. “వాళ్ల విస్తర్లు రెండూ పక్కపక్కన వెయ్యి.”