బ్రహ్మరాక్షసుడికి తాంబూలం

పొన్నేరుకోటను ఏలే వల్లభభూపతికి అన్నీ ఉన్నాయి. ఒక్క కోరిక మాత్రం తీరలేదు. ఆయనకు రాక్షసుణ్ణి చూడాలని ఉంది.

చిన్నప్పుడు దాది చెప్పిన కథల పుణ్యమా అని, భూతాలన్నా యక్షులన్నా ఆయన చెవి కోసుకుంటాడు. సభకు ఎవరు కొత్తగా వచ్చినా "మీ ఊళ్ళో బ్రహ్మరాక్షసుడెవరైనా ఉన్నాడా?" అని అడిగేవాడు. లేడంటే పాపం, మొహం చిన్నబోయేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కోటలో ఉన్న బావులన్నీ ఎండిపోయాయి. బావులు తవ్వడంలో చెయ్యి తిరిగిన చెంగప్ప అనే ముసలాయన, కొడుకులనీ కోడళ్ళనీ వెంటబెట్టుకుని వచ్చి కోట వాకిట్లో కొత్త బావి మొదలుపెట్టాడు. ఐదు నిలువుల లోతు దిగేసరికి గునపం ఖంగుమంది. అడ్డంగా నల్లబండ.

"బండ కింద జల ఉంది మహాప్రభూ. మూడు రోజుల్లో పగలగొడతాను" అన్నాడు చెంగప్ప.

ఆ మాట చెవిన పడగానే ఆస్థాన మాంత్రికుడు కపాలభట్టు ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. బావికి ఆయన చూపించిన చోటు వేరు. చెంగప్ప అది కాదని ఇక్కడ తవ్వాడు. ఇప్పుడిక్కడ నీళ్ళు పడితే భట్టుగారి పరువేం కావాలి?

"ఆపండి! ఆ బండ కింద బ్రహ్మరాక్షసుడున్నాడు! మూడు వందల ఏళ్ళుగా నిద్రపోతున్నవాణ్ణి ఈ ముసలాడు పొడిచి లేపాడు!"

ఇంకొకరైతే హడలిపోయేవారు. భూపతి మాత్రం చప్పట్లు కొట్టాడు.

"మన కోటలోనే! ఎలా ఉంటాడు? కోరలున్నాయా?"

"ఉన్నాయి ప్రభూ. కానీ మామూలు కళ్ళకు కనబడడు. నన్ను ఆవహించి మాట్లాడతాడు."

అంటూనే భట్టు కళ్ళు తేలేసి, గొంతు బొంగురు చేశాడు. "ఆకలి! రోజూ విందు పెట్టండి! బావి పని ఆపండి! నన్ను లేపిన ముసలాడు పౌర్ణమిలోగా కుటుంబంతో సహా రాజ్యం దాటిపోవాలి!"

రాక్షసుడు నోరు తెరిచి అడిగితే రాజు కాదంటాడా? ఆ రోజే బావి పని ఆగిపోయింది. మర్నాటి నుంచి భట్టుకు సభలో అరిటాకు పడింది. బూరెలు, గారెలు, పులిహోర, గడ్డపెరుగు.

"ఇది నేను తినడం కాదు ప్రభూ. నా నోట్లో పెట్టిందంతా నేరుగా వాడి నోట్లోకే పోతుంది. నాకు తీపీ తెలియదు, కారమూ తెలియదు" అనేవాడు భట్టు, పదకొండో బూరె అందుకుంటూ.

కోటలో ఆడవాళ్ళు మాత్రం నీళ్ళ కోసం రెండు కోసుల దూరం నడుస్తున్నారు.

రాజుగారికి తాంబూలం చుట్టి అందించే రంగసాని ఒకరోజు అటుగా వెళుతూ, చెంగప్ప గుడిసె ముందు మూటలు చూసి ఆగింది.

"ఎప్పుడు బాబాయ్ ప్రయాణం?"

"రేపే పౌర్ణమి కదమ్మా. చిన్నకోడలికి నెలలు నిండాయి. ఈ ఎండలో ఎక్కడికని తీసుకుపోను?" ముసలాయన ఇంకో మూటకు ముడి బిగించాడు. "నలభై బావులు తవ్వాను తల్లీ. అన్నిట్లోనూ నీళ్ళే పడ్డాయి. రాక్షసుడు ఒక్కదాంట్లోనూ పడలేదు."

రంగసాని ఆ మూట లాక్కుని గుమ్మం లోపల పెట్టింది.

"మూటలు విప్పు బాబాయ్. రేపు మధ్యాహ్నం దాకా కదలకు" అంది.

మర్నాడు భట్టు విందు ముగించి, బ్రేవుమని త్రేన్చాడు. రంగసాని రాజు ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"ప్రభూ, పది రోజులుగా అతిథికి భోజనం పెడుతున్నాం గానీ ఒక్కనాడూ తాంబూలం ఇవ్వలేదు. ఈ కోటలో మర్యాద తెలియదని పాతాళంలో చుట్టాలందరికీ చెప్పుకోడూ?"

"అయ్యయ్యో, నిజమే! వెంటనే ఇవ్వు!" అన్నాడు భూపతి.

సాని లేత తమలపాకులు తీసింది. వక్క వేసింది. రాసింది మాత్రం ఉసిరికాయంత సున్నం. పైన ఇంకో ఆకు కప్పి ముచ్చటగా చిలక చుట్టింది.

"భట్టుగారూ, ఘాటు మీకు తగలదు కదా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? నా నోరు వట్టి దారి మాత్రమే!" అంటూ భట్టు చిలకను బుగ్గన పెట్టి కసుక్కున నమిలాడు.

రెండోసారి నమిలేసరికే ఆయన కళ్ళు బయటికొచ్చాయి.

"అబ్బా! చచ్చానురో! నోరు కాలిపోయింది!"

రంగసాని నింపాదిగా అడిగింది.

"ఎవరి నోరండీ?"

మంటలోనూ భట్టు బుర్ర పనిచేసింది.

"రా... రాక్షసుడిదే! వాడి నోరే! నెయ్యి తెండి, నెయ్యి!"

వంటవాడు నేతి జాడీతో పరుగెత్తుకొచ్చాడు. సాని అతణ్ణి గుమ్మం దగ్గరే ఆపేసింది.

"ఇటెందుకయ్యా? కాలిన నోరు బావిలో ఉంది. పట్టుకెళ్ళి అందులో పొయ్యి!"

జాడీ వెనక్కి తిరిగింది. భట్టు ఒక్క దూకు దూకి దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు.

"బావిలో కాదే తల్లీ! నాదే! నా నోరే!"

భూపతి మొహం వాడిపోయింది. ఇన్నాళ్ళకు దొరికిన రాక్షసుడు కాస్తా పోయాడు. కానీ జాడీలో మూతి ముంచి, గడ్డమంతా నెయ్యి కారుతున్న భట్టును చూడగానే ఆయనకు నవ్వాగలేదు. రాజు నవ్వితే సభంతా నవ్వింది.

రాజు తన చేతి కంకణం తీసి రంగసాని చేతికి తొడిగాడు. చెంగప్పను పిలిపించి శాలువా కప్పాడు.

"తప్పు నాది పెద్దాయనా. బండ పగలగొట్టు. మట్టి మోయడానికి పది రోజులు విందు తిన్న మనిషిని ఇస్తున్నాను."

చెంగప్ప గునపం భుజాన వేసుకుని, భట్టును ఎగాదిగా చూశాడు.

"మూతీ చేతులూ తుడుచుకుని రండి భట్టుగారూ. తట్ట జారుతుంది!"