బావి అడుగున తెల్లరాయి

మూతపడ్డ రైసుమిల్లు వెనక ఒక బావి ఉండేది. మిల్లు వాళ్ళు తాళం వేసుకుని వెళ్ళిపోయాక ఆ పెరడంతా జంతువులదే అయింది. గేదె సింగారం తన దూడ చుక్కతో చిల్లుల రేకుల షెడ్డులో ఉండేది. కోడి కొండి తొమ్మిది పిల్లలతో బస్తాల కుప్ప మీద కాపురం. కొమ్ముల్లేని ముసలి మేక బోడమ్మ గోడవార పడుకునేది.

వీళ్ళ నీళ్ళకి కావలి నక్క నాగభూషణం. సింగారం మోకు లాగితే గిలక మీద చేద పైకొచ్చేది. నక్క దాన్ని వంచి రాతితొట్టి నింపేది. ఆ పనికి రోజుకో గుడ్డు ఇచ్చి, పేరు చివర "గారు" తగిలించి పిలిచేవారు. గుడ్డు లేకపోయినా ఊరుకునేదేమో గానీ ఆ "గారు" లేకపోతే మాత్రం నక్క ఆ పూట పని ముట్టేది కాదు.

బావిలో ఇంకొకరున్నారు. ముసలి తాబేలు. అందరూ దాన్ని తాత అనేవారు. పూర్వం కొత్త బావి తవ్వినప్పుడు అందులో నాలుగు చేపపిల్లల్నీ ఒక తాబేలునీ వదిలేవారు, పురుగూ పుట్రా తిని పెడతాయని. ఈ పెరట్లో దానికి తోడు ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పొద్దున్నే తాత పైకి తేలాలి. అందరి ముందూ ఒక గుక్క తాగాలి. కళ్ళు రెండుసార్లు ఆర్పి, "తాగండి" అనాలి. అప్పటిదాకా ఎంత దాహమేసినా తొట్టిలో ఎవరూ మూతి పెట్టకూడదు.

ఒక వేసవిలో ఇనప చేద అడుగు తుప్పుపట్టి ఊడిపోయింది. నక్క మిల్లు గదులన్నీ వెతికి ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. పైన పట్టుకోవడానికి పిడి, మోకు కట్టడానికి అనువుగా ఉంది. అడుగున చారెడు ఏదో మిగిలి ఘాటుగా వాసన కొట్టింది. నక్క డబ్బాకి అంటించిన కాగితం గోళ్ళతో పీకి బూడిదకుప్పలో పారేసింది. డబ్బాని బావిలోనే రెండుసార్లు ముంచి తొలిచింది. ఎక్కడ తొలిచిందో గమనించారా? బావిలోనే!

ఆ మర్నాడు బావిలో కప్పలు అరవలేదు.

"ఇవాళ నీళ్ళు చూడండి అత్తా, అద్దంలా ఉన్నాయి!" అంది సింగారం బావిలోకి తొంగి చూస్తూ. "అడుగున కంచమంత తెల్లరాయి కూడా కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ అక్కడో రాయి ఉందనే తెలీదు నాకు."

"చేపలేవే?" అంది బోడమ్మ.

"ఎండకి లోపలికి పోయుంటాయి."

నిజమే, నీళ్ళు తేటపడ్డాయి. అడుగున మట్టిని కదిపేవాళ్ళు లేకపోతే ఏ నీళ్ళయినా తేటపడతాయి కదా. కానీ కదిపేవాళ్ళు ఏమయ్యారని ఆ పొద్దున సింగారానికి తోచలేదు.

"తాతా, నీళ్ళు ఎట్లా ఉన్నాయి?" అని పిలిచింది.

తాత పైకి రాలేదు. కాసేపటికి బావి గోడల్లోంచి, నీళ్ళ మీదుగా పాకుతున్నట్టు ఒక గొంతు వచ్చింది.

"మంచివే... తాగండి..."

"పైకి రావేం తాతా?"

"మోకాళ్ళ నొప్పులమ్మా... తాగండి..."

కొండి కిసుక్కున నవ్వింది. "తాబేలుకి మోకాళ్ళ నొప్పులా! సరేలే, వయసు మీద పడింది పాపం."

తాగారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. గొంతు వచ్చేది, తాత వచ్చేది కాదు. పిలిచే వేళకి నక్క ఎప్పుడూ బావి దగ్గర ఉండేది కాదు. "పొద్దున్నే నాలుగు వైపులా చూసుకోవద్దూ? కావలి అంటే మాటలా?" అని మిల్లు ఇంజను గదివైపు వెళ్ళేది. అంతా అయ్యాక తోక ఊపుకుంటూ వచ్చేది.

నాలుగో రోజుకి పెరట్లో ఈగ వాలడం మానేసింది. తొట్టి అంచుకి రోజూ వచ్చే తూనీగలు రాలేదు. పిచ్చుకలు తొట్టి దాకా వచ్చి, మెడ వంచి, తాగకుండానే లేచిపోయాయి. అయిదో రోజున చుక్క నోట్లోంచి తీగలా చొంగ కారింది. కాళ్ళు వణికాయి. తల్లి దాని మొహం నాకబోతూ ఆగిపోయింది. ఎంత నల్లటి కళ్ళు దానివి! కంటిపాప ఆవగింజంత అయిపోయింది.

"ఎండదెబ్బ," అంది నక్క. "నీళ్ళు బాగా పట్టించమ్మాయ్."

"మరి నా పిల్లలు రెండు పోయాయి నాగభూషణం గారూ," అంది కొండి ఏడుస్తూ.

"గద్ద తన్నుకుపోయుంటుంది."

"గద్ద తన్నుకుపోతే పిల్ల కనబడదు కదండీ. నావి తొట్టి పక్కనే పడున్నాయి. దెబ్బ లేదు, గాటు లేదు."

నక్క ఇంజను గదివైపు వెళ్ళిపోయింది.

బోడమ్మకి మాత్రం ఏమీ కాలేదు. పచ్చి ఆకుల్లో ఉన్న తడితోనే సరిపెట్టుకునే రకం అది, ఆ వారంలో తొట్టి ముట్టలేదు. మేకకి కాగితం దొరికితే ఏమవుతుందో మీకు తెలుసు. ఆ సాయంత్రం బూడిదకుప్పలో ఒక కాగితం కనిపించింది. నోటిదాకా తెచ్చుకుంది. ఘాటు వాసన ముక్కుకి తగలగానే వదిలేసింది. కాలితో కాగితాన్ని తిప్పి చూసింది. మీద ఒక పుర్రె, దానికింద అడ్డంగా రెండు ఎముకలు.

బోడమ్మ తలెత్తి గిలక వైపు చూసింది. తెల్లడబ్బా గాలికి మెల్లగా తిరుగుతోంది. దాని పొట్టమీద కాగితం ఊడిన మచ్చ సరిగ్గా ఆ కాగితమంతే ఉంది.

గబగబా షెడ్డుకి వెళ్ళింది. "సింగారం, దూడకి ఆ నీళ్ళు పట్టకు. గేటు బయట మునిసిపాలిటీ కుళాయి కారుతోంది, అక్కడికి తీసుకెళ్ళు."

"అదేంటత్తా? రోజూ తాత బాగున్నాయనే చెప్తున్నాడు కదా!"

"తాత చెప్పాడా, తాత గొంతు చెప్పిందా?"

సింగారం చర్మం ఒక్కసారి జలదరించింది. "మరి ఆ గొంతు ఎవరిది?"

"అదే రేపు తెలుస్తుంది. మీ నాగభూషణం గారి కాళ్ళెప్పుడైనా చూశావా? ఈ పెరట్లో మట్టి నల్లది. ఆయన కాళ్ళకి రోజూ కాలవ గట్టు ఎర్రమట్టి ఉంటుంది. ఇంట్లో నీళ్ళుండగా కాలవకెందుకమ్మా వెళ్ళడం?"

మర్నాడు పొద్దున ముగ్గురూ బావి చుట్టూ చేరారు. నక్క ఎప్పట్లాగే ఇంజను గదివైపు పోయింది. ఈసారి బోడమ్మ పిలిచింది.

"తాతా! మన నాగభూషణాన్ని పెరటికంతటికీ పెద్దని చేద్దామనుకుంటున్నాం. నువ్వేమంటావు?"

గొంతు వెంటనే వచ్చింది. నొప్పులున్న గొంతు కాదది. "చెయ్యండి, చెయ్యండి! అంతకన్నా యోగ్యుడెవడమ్మా?"

"మరి నువ్వు పెట్టిన కట్టుబాటు ఉండనే ఉంది. పెద్ద అయినవాడు అందరి ముందూ ఒక తొట్టెడు నీళ్ళు తాగాలి కదా?" అని బోడమ్మ అప్పటికప్పుడు ఒకటి కల్పించింది.

బావి ఊరుకుంది.

"తాతా?"

"ఆ... అది... ఈసారికి వద్దులే."

"వద్దా? ఎందుకు తాతా? నీళ్ళు మంచివేనన్నావు కదా?"

"మంచివే... మంచివే కానీ..."

"మంచివైతే తాగిస్తాం. ఆయన రాగానే నువ్వూ ఒకమాట చెబుదువు గాని."

కాసేపటికి నక్క వచ్చింది. ముఖం మీద నవ్వుంది, మీసాల మీద తుప్పు ధూళి ఉంది. ఇంజను గదిలోంచి బావిలోకి దిగే ఇనప గొట్టం నిండా ఉండేది ఆ తుప్పే.

"ఏంటమ్మా అందరూ ఇలా నిలబడ్డారు? నన్నేదో పెద్దని చేస్తారట!" అంది.

"మీకెవరు చెప్పారండీ?" అంది కొండి.

నక్క గబుక్కున మీసాలు తుడుచుకుంది.

"ముందు తాతనడుగుదాం," అంది బోడమ్మ. "ఆయన తాగండి అన్నాకే కదా ఎవరైనా తాగాలి. సింగారం, పిలువు."

సింగారం బావిలోకి వంగింది. "తాతా, నీళ్ళు ఎట్లా ఉన్నాయి?"

ఏ గొంతూ రాలేదు.

"తాతా, నీళ్ళు ఎట్లా ఉన్నాయి?"

తన ప్రశ్నే తిరిగొచ్చింది. నక్క తమ పక్కన నిలబడి ఉన్నంతసేపూ బావి మాట్లాడలేదు. నీళ్ళు ఒక్క అలైనా లేకుండా, గాజుపలకలా నిలిచి ఉన్నాయి. ఎండ ఏటవాలుగా దిగి అడుగు దాకా పోయింది.

కొండి బావి గట్టెక్కి తొంగి చూసింది. మెడ ఇటు వంచింది, అటు వంచింది.

"అత్తా," అంది చిన్నగా. "ఆ రాయికి కాళ్ళున్నాయి."

అప్పుడు అందరికీ కనిపించింది. వెల్లకిలా పడ్డ తాబేలు పొట్ట. వారం రోజులుగా నీళ్ళెంత తేటగా ఉన్నాయో చెప్పుకోవడానికి అందరూ ఒకరికొకరు చూపించుకున్న తెల్లరాయి.

సింగారం మోకు వదిలేసింది. డబ్బా గిలక మీంచి జారి గట్టుకి కొట్టుకుని ఆగింది.

"నేను కడిగానమ్మా," అంది నక్క. "రెండుసార్లు కడిగాను. మర్నాడు తెల్లారేసరికి చేపలు తేలాయి, మీరు లేవకముందే తీసి పారేశాను. తాత మునిగిపోయాడు. చెప్తే నన్ను తీసేస్తారని... రోజూ తోడుతుంటే అదే పోతుందనుకున్నాను..."

"నీకు తెలుసు," అంది సింగారం. "తెలిసే నా బిడ్డకి బాగా పట్టించమన్నావు."

తొట్టిని కొమ్ములతో నక్క ముందుకి తోసింది. అంత బరువు తొట్టి, కిర్రుమంటూ వచ్చి ఆగింది.

"తాగండి, నాగభూషణం గారూ."

ఎన్నాళ్ళుగానో ఇష్టపడ్డ ఆ పిలుపు విని నక్క ఒళ్ళంతా ముడుచుకుంది. తొట్టి నీళ్ళలోంచి దాని మొహమే దాన్ని చూస్తోంది. ఒక్కో అడుగు వెనక్కి వేసింది. గోడ తగిలాక కన్నంలోంచి దూరి పారిపోయింది.

బావి గట్టు మీద తుమ్మకంప పేర్చారు. డబ్బాని ఎవరూ ముట్టకుండా లోతుగా పాతిపెట్టారు, బావికి దూరంగా. చుక్క పదిరోజులకి నిలబడి గడ్డిపరక కొరికింది. ఎడమ కన్ను మాత్రం ఇంకా నీరు కారుతూనే ఉంటుంది. కొండి పొద్దున్నే పిల్లల్ని పిలిచేటప్పుడు ఇప్పటికీ తొమ్మిది పేర్లూ పిలుస్తుంది.

నక్క కాలవ గట్టుకి చేరింది. ఆ నీళ్ళు బురదవే, కానీ మంచివి. కప్పలు అరుస్తాయి, చేపలు ఎగురుతాయి. అయినా తాగడానికి వంగిన ప్రతిసారీ అడుగున తెల్లగా ఏదో కనిపిస్తుంది దానికి. రాయో, కాదో. కాలితో నీళ్ళు కెలికి, బురద లేపి, ఏమీ కనబడకుండా చేసుకున్నాకే తాగుతుందట.

కాబట్టి పిల్లలూ, నీళ్ళు మంచివని చెప్పేవాడి మాట వినేముందు, వాడు ఆ నీళ్ళే తాగుతున్నాడో లేదో చూడండి.