తెల్ల సున్నం

రాజుగారు తన ఇంటికి భోజనానికి వస్తున్నారని తెలిసి, దివాను భుజంగరావు గోడలకు రంగులేసే కోనమ్మను పిలిపించాడు.

"ఉన్న రంగులన్నీ వాడు. నా బిరుదులన్నీ రాయి. వేలెడు ఖాళీ కనబడిందో, ఊళ్ళోంచి వెళ్ళగొట్టిస్తా!"

"తలుపు మీద కూడానా బాబయ్యా?"

"తలుపేం పాపం చేసింది? దాని మీదా రాయి!"

"మరి తెల్ల సున్నం?"

"అది పేదల రంగు. నువ్వే పట్టుకుపో."

ఆయన మాట ఆయనకే అప్పజెబుదాం అనుకుంది కోనమ్మ. ఆవగింజంత చోటు వదలకుండా గోడా తలుపూ నింపేసింది. ఆ సున్నంతో ఎదురుగా ఉన్న తన గుడిసెను తెల్లగా మెరిపించి, గడపకు మాత్రం పసుపు రాసింది.

మిట్టమధ్యాహ్నం పల్లకి వచ్చింది. బోయీలు దివానుగారి గోడ వెంట మూడుసార్లు తిరిగినా గుమ్మం ఎక్కడుందో ఒక్కడికీ అంతుపట్టలేదు. ఎండకు తాళలేక రాజుగారు ఎదురుగా కనబడిన పసుపు గడప దాటి చాప మీద కూర్చున్నారు. కోనమ్మ చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

లోపల వంటలు చూసుకుంటున్న దివాను సందడి విని తలుపు తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ప్రభూ, మా ఇల్లు అదీ!"

"అది ఇల్లా?" అన్నారు రాజుగారు, మజ్జిగ తాగుతూనే.

దివాను కోనమ్మ వంక కొరకొరా చూశాడు.

"గుమ్మానికి సరిపడా సున్నం ఇంకా మిగిలుంది బాబయ్యా," అందామె చేతులు కట్టుకుని. "పేదల రంగే. తెమ్మంటారా?"