బుల్లెమ్మకి ఎంగిలి దుమ్ము పెడతామా?

రామచంద్రపురంలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే సోమలింగం తడుముకోకుండా తన ఇల్లే చూపిస్తాడు. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడండి. మాటంటే మాటే. మా ఇంట్లో నలుగురమూ అంతే" అంటాడు. నిజమే, నలుగురూ అంతే. అందులో ఏ ఒక్కరు కాస్త తేడాగా ఉన్నా నాకు ఈ కథ చెప్పే పని ఉండేది కాదు.

సోమలింగం, అతని భార్య వరాలు, తల్లి నూకాలమ్మ, పెళ్లికాని తమ్ముడు గవర్రాజు. ఇదీ ఆ కుటుంబం. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటారు. బస్సులో "చేతులు బయట పెట్టరాదు" అని రాసి ఉందని గవర్రాజు కాకినాడ దాకా చేతులు చంకల్లో దోపుకుని వెళ్లాడు. బస్సు దిగాక కూడా తీయలేదు. ఎందుకురా అంటే "మళ్లీ బయట పెట్టొచ్చని ఎక్కడా రాయలేదండి" అన్నాడు. ఆ పూట హోటల్లో అతనికి సోమలింగమే ఇడ్లీలు తినిపించాడట.

అలాంటి గవర్రాజుకి ఒక సంబంధం వచ్చింది. మండపేట పిల్ల, పేరు తాయారు. పెళ్లిచూపుల్లో ఆ పిల్లని చూసి గవర్రాజు ఎత్తిన కాఫీగ్లాసు ఎత్తినట్టే ఉంచేశాడు. పిల్లకి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తింది. ఇంకేముంది, మనవాడి గుండె ఆ పిల్ల వెనకాలే లోపలికి వెళ్లిపోయింది.

అయితే తల్లి లేని ఆ పిల్లని పెంచింది మేనత్త సుభద్రమ్మ. మహా శుభ్రం మనిషి. కుర్చీ తుడిచిగానీ కూర్చోదు, తుడిచిన గుడ్డని ఉతికిగానీ ఆరేయదు. ఆవిడ ఒక్కటే మాట చెప్పింది. "పిల్లాడు బాగానే ఉన్నాడు. ఆదివారం మీ ఇల్లు చూడ్డానికొస్తాను. ఇంట్లో దుమ్ముందా, సంబంధం లేదు."

గవర్రాజు ఇంటికొచ్చి వరాలు ముందు కూలబడ్డాడు. "వదినా, తాయారు కాకపోతే నాకింక పెళ్లే వద్దు" అన్నాడు. వరాలు కొంగుతో అతని కళ్లు తుడిచింది. మరిదిని తమ్ముడిలా చూసుకుంటుంది మరి.

సరిగ్గా అప్పుడే చీరల కొట్టువాళ్ల లక్కీడ్రాలో వరాలుకి బహుమతి తగిలింది. ఇల్లు ఊడ్చే రోబో! పళ్లెమంత గుండ్రంగా, నల్లగా, పొట్టిగా ఉంది. నూకాలమ్మ దాన్ని చూసి ముచ్చటపడి బుల్లెమ్మ అని పేరు పెట్టింది.

తెచ్చిన గుమాస్తా ఎలా వాడాలో చెప్పాడు. "ఇది నడిచేటప్పుడు నేల మీద ఏమీ ఉంచకండి. ఇది దుమ్ము తింటదండి. కడుపు నిండాక ఖాళీ చెయ్యాలి. పనయ్యాక దాని ఇంటికి అదే వెళ్లిపోద్ది." మీట నొక్కడం నేర్పి, పెట్టె గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు.

"నాలుగు మాటలే. మనకి లెక్కా?" అన్నాడు సోమలింగం.

ముందు నేల ఖాళీ చేయాలి. అన్నదమ్ములిద్దరూ బిందెలు, పీటలు, చెప్పులు ఎత్తి మంచాల మీద పెట్టారు. అంతలో గవర్రాజుకి అనుమానం వచ్చింది.

"అన్నయ్యా, మంచాలు నేల మీదే ఉన్నాయి కదా?"

"అదీ తెలివంటే!" అని సోమలింగం తమ్ముడి వీపు తట్టాడు. అంతే, మంచాలు వీధిలోకి వచ్చాయి. బీరువా వచ్చింది. వరాలు పొయ్యి మీద ఉడుకుతున్న పప్పుతో సహా గ్యాసుపొయ్యి బల్ల కూడా రావాల్సిందే, కానీ గొట్టం పొడుగు చాలలేదు. అందుకని ఆ బల్లని తాళ్లతో దూలానికి వేలాడగట్టారు. పప్పు సగం ఒలికింది. ఒలికింది బల్ల మీదే, నేల మీద కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇల్లు బోసిగా అయింది. సోమలింగం మీట నొక్కబోతుంటే నూకాలమ్మ అడిగింది.

"ఒరేయ్ సోమూ, మనం కూడా నేల మీదే ఉన్నామేంట్రా?"

నిజమే! ఎక్కి కూర్చుందామంటే కుర్చీలన్నీ వీధిలో ఉన్నాయి. తల్లిని ఎత్తి అటక మీదికి చేర్చారు. మీట నొక్కేసి మిగతా ముగ్గురూ పరుగున వెళ్లి కిటికీ ఊచలు పట్టుకుని వేలాడారు. బుల్లెమ్మ కింద తాపీగా తిరుగుతోంది. ఒక మూల అయ్యాక ఇంకో మూల, గోడకి కొట్టుకుని మళ్లీ మొదటి మూల. వీళ్ల చేతులు లాగేస్తున్నాయి. దారిన పోతూ నేను చూశాను. కిటికీలో మూడు తలకాయలు.

"ఏం సోమలింగం, ఏం చేస్తున్నారు?" అన్నాను.

"ఇల్లు ఊడుస్తున్నామండి" అన్నాడు పళ్లు బిగపట్టి.

ఎట్టకేలకు ఊడవడం అయింది. బుల్లెమ్మ తన ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరింది. గుమాస్తా ఇచ్చిన చార్జింగు పీట ఇంకా పెట్టెలోనే ఉందాయె, దానికి ఇల్లెక్కడ దొరుకుతుంది? గడప దాకా వెళ్లడం, గుద్దుకుని వెనక్కి రావడం, మళ్లీ వెళ్లడం.

"పాపం, ఇంటికెళ్తానంటోంది, గడప దాటలేకపోతోంది" అంది వరాలు. ఆడపేరు పెట్టుకున్నాక ఒంటరిగా ఎలా పంపుతారు? గవర్రాజు దాన్ని చంకనేసుకుని, దారిలో ఎండ తగలకుండా గొడుగు పట్టి, కొట్టుకి తీసుకెళ్లి దించాడు. గుమాస్తా తల పట్టుకున్నాడు. "కొట్టు కాదు బాబూ! పెట్టెలో పీట ఉంది కదా, అదీ దాని ఇల్లు! గోడవారగా పెట్టి కరెంటు ఇవ్వండి" అని వెనక్కి పంపాడు.

పీట దొరికింది. కానీ కొత్తిల్లు కదా? పాలు పొంగించకుండా దాన్ని లోపలికి పంపడం నూకాలమ్మకి ఇష్టం లేకపోయింది. దూలానికి వేలాడుతున్న పొయ్యి మీదే పాలు పొంగించారు. మాకందరికీ తలో చెంచా ప్రసాదం అందింది. పప్పు వాసన వేసింది, అది వేరే సంగతి.

మర్నాడు బుల్లెమ్మకి ఎర్రదీపం వెలిగింది. కడుపు నిండింది, ఖాళీ చేయమని దాని భాష. వీళ్లు ఖాళీ చేశారు. అంతవరకూ బాగానే ఉంది. వరాలు ఆ దుమ్ము చేటలో పట్టుకుని పారేయబోతూ ఆగిపోయింది.

"ఏవండీ, కడుపు ఖాళీ చేశాం. మరి ఇదిప్పుడు ఏం తింటుంది? ఇల్లంతా అద్దంలా ఉంది!"

నలుగురూ ఇల్లంతా వెతికారు. ఎక్కడా చిటికెడు దుమ్ము లేదు. సోమలింగం ఆలోచించి "అదే దుమ్ము మళ్లీ చల్లేద్దాం" అన్నాడు. చేట అందుకున్నాడో లేదో, నూకాలమ్మ అంతెత్తున లేచింది.

"బుద్ధుందా నీకు? ఒకసారి తిన్నది మళ్లీ పెడతావా? ఇంటికొచ్చిన దానికి ఎంగిలి దుమ్ము పెట్టే వంశమా మనది?"

సోమలింగం లెంపలు వేసుకున్నాడు. ఎంగిలి పెట్టకూడదు. కొత్త దుమ్ము కావాలి. ఇంట్లో లేదు. ఇంకేముంది, గవర్రాజు చీపురూ చేటా పుచ్చుకుని వీధిలో పడ్డాడు.

"అమ్మగారూ, మీ ఇంట్లో దుమ్ముందాండి? కాస్త ఊడ్చుకుపోతాం" అని గుమ్మం గుమ్మం తిరిగాడు. ఎవరు వద్దంటారు? మా ఇంటికీ వచ్చాడు. బీరువాల వెనక, మంచాల కింద, చివరికి మేము కాపురానికొచ్చాక ఎప్పుడూ ఎక్కని అటక మీద కూడా ఊడ్చాడు. అటక మీది దుమ్ము చూసి అతని మొహం వెలిగిపోయింది. "ఎంత మెత్తగా ఉందండి! బుల్లెమ్మ ఇష్టంగా తింటది" అన్నాడు. మా ఆవిడ అతనికి మజ్జిగ ఇచ్చి రేపు కూడా రమ్మంది.

రోజూ అంతే. పొద్దున్నే గవర్రాజు వీధి ఊడ్చి దుమ్ము తేవడం, వరాలు దాన్ని జల్లెడ పట్టి రాళ్లు ఏరడం, సోమలింగం హాలునిండా పల్చగా చల్లడం, నూకాలమ్మ అటక మీంచి వంగి "తినమ్మా, మొహమాటపడకు" అని బతిమాలడం. మా వీధిలో ఇళ్లన్నీ తళతళలాడుతున్నాయి. వాళ్లింట్లోకి మాత్రం తుమ్మకుండా వెళ్లినవాళ్లు లేరు.

చూస్తుండగానే శనివారం వచ్చింది. అప్పుడు వరాలుకి ఇంకో సంగతి తట్టింది.

"రేపు సుభద్రమ్మగారు వస్తున్నారు. చుట్టం తినకుండా ఇంట్లోవాళ్లు తినకూడదు కదండీ?"

"తినకూడదు" అన్నారందరూ.

అంతే. బుల్లెమ్మని ఆపేశారు. వాళ్లు ఉండడమే కాదు, దాన్నీ ఉపవాసం ఉంచారు. ఆపిందాన్ని ఆపారు, దుమ్ము తేవడం మాత్రం ఆపలేదు. ఉపవాసం తర్వాత ఆకలెక్కువగా ఉంటుందని మామూలుకంటే రెట్టింపు తెచ్చి పోశారు.

ఆదివారం సుభద్రమ్మ బస్సు దిగింది. సంబంధం కలుపుకునేముందు చుట్టుపక్కల వాకబు చేయడం ఆవిడ పద్ధతి. ముందు మా ఇంటికే వచ్చి ఆ పిల్లాడు ఎలాంటివాడని అడిగింది.

"గవర్రాజా అండి? బంగారం! వారం నుంచీ మా ఇల్లు ఊడ్చేది అతనే" అంది మా ఆవిడ.

సుభద్రమ్మ నమ్మలేదు. కొంగు నడుంకి బిగించి, నిచ్చెన వేయించుకుని మా అటక ఎక్కింది. వేలు పెట్టి రాసింది. వేలు చూసుకుంది. నిచ్చెన దిగింది. పక్కింట్లో రాసింది, ఎదురింట్లో రాసింది. ఎక్కడా వేలికి మట్టి అంటలేదు. ఆవిడ మొహంలో మొదటిసారి చిరునవ్వు కనిపించింది. ఊళ్లోవాళ్ల ఇళ్లే ఇలా ఉంటే, ఇక వాళ్ల సొంతిల్లు ఎలా ఉంటుందో అనుకుంటూ సోమలింగం గడప తొక్కింది.

చీలమండ దాకా దిగబడింది.

ఆవిడ కుర్చీ తుడుద్దామంటే కుర్చీలన్నీ ఇంకా వీధిలోనే ఉన్నాయి. వరాలు ఎంతో మర్యాదగా "రండి పిన్నిగారూ, వడ్డించేశాం" అని చేయి పట్టుకుని తీసుకెళ్లింది. రెండు విస్తళ్లు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో పులిహోర, బూరెలు, పనసపొట్టు కూర. దాని పక్క విస్తట్లో కుప్పగా దుమ్ము. ఆ విస్తరి ముందు బుల్లెమ్మ కూర్చుని ఉంది.

"ఏంటిది?" అంది సుభద్రమ్మ.

"మీ పంక్తిలోనే కూర్చోబెట్టామండి. మీరు ముద్ద ఎత్తితే అది మొదలెడుతుంది. నిన్నటి నుంచీ పస్తు పాపం" అన్నాడు సోమలింగం.

సుభద్రమ్మ లేచి నిలబడింది. చీర దులుపుకుంది. దులిపితే ఇంకా లేచింది. "నా పిల్లని దుమ్ములో పూడుద్దామనుకుంటున్నారా? నేనెళ్తున్నాను" అని గుమ్మం వైపు నడిచింది.

గవర్రాజుకి తాయారు నవ్వు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. అతనికి అబద్ధం చెప్పడం తెలియదు, గడుసుగా మాట్లాడడం అంతకన్నా తెలియదు.

"ఈ దుమ్ము మా ఇంటిది కాదండి" అన్నాడు. "ఇంటింటికీ వెళ్లి నేనే ఊడ్చి తెచ్చానండి. ఇంటికొచ్చిందాన్ని ఆకలితో ఉంచకూడదని తెచ్చానండి. మీ పిల్లొచ్చినా అంతేనండి. ఏం తింటానంటే అది తెస్తాను. ఎంగిలి మాత్రం పెట్టనండి."

సుభద్రమ్మ గడప మీద ఆగిపోయింది. అతన్ని ఎగాదిగా చూసింది. చేతిలో ఇంకా చీపురుంది.

"ఆ అటక మీద ఊడ్చింది నిజంగా నువ్వేనా?"

"నేనేనండి."

ఆవిడ తనలో తను అనుకున్నట్టే పైకి అంది. "మా ఆయన ముప్పై ఏళ్ల కాపురంలో చీపురు ఎటువైపు పట్టుకుంటారో కూడా ఎరగడు. ఇల్లుదేముంది, కడుక్కుంటే పోతుంది. మనిషి దొరకొద్దూ?" గవర్రాజు వైపు తిరిగి "సరే, పిల్లనిస్తాను" అంది.

గవర్రాజు ఆనందం పట్టలేక బుల్లెమ్మ మీట నొక్కేశాడు. దుమ్ము గుప్పున లేచింది.

"ఒక్క షరతు" అంది సుభద్రమ్మ తుమ్ముతూనే. "మా పిల్ల ఈ ఇంట్లో కుడికాలు పెట్టేటప్పుడు దాని కంటికి దుమ్మన్నది కనిపించకూడదు."

"అలాగేనండి. మాటంటే మాటే" అన్నాడు సోమలింగం.

పెళ్లి మండపేటలో బ్రహ్మాండంగా జరిగింది. మేమంతా వెళ్లాం. పెళ్లికూతుర్ని తీసుకుని రామచంద్రపురం వచ్చాం. గుమ్మంలో హారతి పట్టారు. గడప మీద చెంబు పెట్టారు. కొత్తకోడలు కుడికాలితో దాన్ని తోసి లోపలికి రావాలి కదా, ఆ చెంబు. అంతలో గవర్రాజు తన కొత్త కండువా తీసి తాయారు కళ్లకి గట్టిగా గంత కట్టాడు. ఇదేం ఆచారమో అని అందరూ మొహాలు చూసుకున్నారు. తాయారు మాత్రం కిసుక్కున నవ్వి, తడుముకుంటూ ఒక్క తాపు తన్నింది.

చెంబులో బియ్యం లేవు. బియ్యం ఒలికితే బుల్లెమ్మ గొంతుకి అడ్డం పడతాయని, మెత్తగా ఉంటుందని, నూకాలమ్మ దగ్గరుండి జల్లెడ పట్టించిన దుమ్ము ఉంది. మా అటక మీదిదే. భుగ్గుమని లేచింది. హారతి ఆరిపోయింది. పెళ్లివారు ఎవరెవరో తెలియలేదు. సుభద్రమ్మ పట్టుచీర ఏ రంగో ఆవిడకే గుర్తు లేకుండా పోయింది. ఆ మబ్బులోంచి సోమలింగం గొంతు వినిపించింది.

"అమ్మాయ్ తాయారూ, దుమ్మేమైనా కనిపించిందామ్మా?"

"లేదు బావగారూ" అంది గంతలు కట్టుకున్న తాయారు, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య.

"చూశారా పిన్నిగారూ?" అన్నాడు సోమలింగం గర్వంగా. "మాటంటే మాటే!"